ద్వంద్వ పౌరసత్వము – శరణుల నిష్ఠ

సిద్దిపేట వీథులలో నేడు "మా వాడు అక్కడి పౌరుడైనాడు" అను మాట వినబడుట వింత కాదు. ఆ మాట చెప్పు తల్లిదండ్రుల గొంతులో సంతోషముతో పాటు కొంత జంకు కూడ ఉండును. బిడ్డ స్థిరపడెనని సంతోషము. భారతీయ పాస్‌పోర్టును తిరిగి అప్పగించెనని జంకు. ఇరుగుపొరుగువారు ఆ జంకును కనిపెట్టి "అయితే ఈ దేశము ఇక వానిది కాదా?" అని అడుగుదురు. కొందరు మరియొక అడుగు ముందుకు వేసి, పరదేశమునకు ప్రమాణము చేసినవాడు దేశద్రోహియే యని తేల్చివేయుదురు. వేరొక ప్రక్కన, రెండు దేశముల పౌరసత్వమును ఒకేసారి ఉంచుకొన్నచో తప్పేమి యని ప్రశ్నించు విద్యావంతులును కలరు.

ఈ ప్రశ్నకు చట్టము ఒక సమాధానము చెప్పును. కాని చట్టము చెప్పిన దానితో మనస్సు తృప్తి చెందదు. ఒక మనిషి తన నిష్ఠను ఎందరికి పంచి ఈయగలడు అనునది మొదటినుండియు ధర్మప్రశ్న. ఇష్టలింగమును ఒక్కదానినే దేహమున ధరించి, దానినే పతిగా భావించు వీరశైవులకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. కనుక శరణుల చరిత్ర వెలుగులో దీనిని విచారించుట ఉచితము.

ముందుగా మూడు మాటలను విడదీసి చూడవలెను. అవి మమకారము, నిష్ఠ, ప్రమాణము.

మమకారము పెంచినవారి యెడ, పెరిగిన నేల యెడ తనంత తానుగా కలుగును. ఒకరి యెడ కలిగినంత మాత్రమున మరియొకరి యెడ అది తరిగిపోదు. మన కొమురవెల్లి మల్లన్న స్వామి సన్నిధిని తలచుకొందము. స్వామికి ఒక ప్రక్క లింగబలిజల ఆడపడుచు మేడలమ్మ, మరియొక ప్రక్క గొల్లవారి ఆడపడుచు కేతమ్మ. వీరశైవ అర్చకులు తమ విధిని పూజలు చేయుదురు. ఒగ్గు పూజారులు పట్నములు వేసి కథ చెప్పుదురు. ఇరువురును స్వామిని తమవాడనియే తలంతురు. ఒకరి ప్రేమ మరియొకరి ప్రేమకు అడ్డు వచ్చినట్లు ఎవరును చెప్పుకొనరు.

నిష్ఠ యనగా నిలుకడ. కష్టమున, నష్టమున, ఎవరును చూడని చోటునందును నిలిచియుండుట. అది మనసులోని సంగతి గనుక దానికి సాక్షి నడత మాత్రమే.

ప్రమాణము నలుగురి యెదుట నోట పలుకునది. ఇకమీదట నా నడతకు ఇది కట్టుబాటు అని ఒప్పుకొని, ఆ ఒప్పందమును నమ్మి ఇతరులు ఇచ్చు హక్కును, పదవిని స్వీకరించుట. మమకారములు పెక్కు ఉండవచ్చును. ఒకదానికొకటి ఎదురు నిలుచు ప్రమాణములు మాత్రము రెండు ఉండరాదు. ఉన్నచో ఏదో ఒకనాడు రెంటిలో ఒకటి అబద్ధము కాక తప్పదు.

ఇక చట్టము చెప్పునదేమో చూతము. భారత రాజ్యాంగమును రాజ్యాంగ సభ 1949 నవంబరు 26న ఆమోదించినది. అందలి అధికరణములలో అధిక భాగము 1950 జనవరి 26 వరకు వేచియుండగా, పౌరసత్వమును గూర్చిన 5 మొదలు 9 వరకు గల అధికరణములు ఆమోదించిన దినముననే అమలులోనికి వచ్చినవి. దేశవిభజన వలన లక్షల కుటుంబములు ఇల్లు వాకిలి విడిచి సరిహద్దులు దాటిన కాలమది. ఎవరు ఈ దేశపువారు అను ప్రశ్నకు అన్నిటికంటె ముందుగా జవాబు చెప్పవలసి వచ్చెను. తన ఇష్టముతో పరదేశ పౌరసత్వమును గ్రహించినవాడు భారత పౌరుడు కాడని తొమ్మిదవ అధికరణము చెప్పినది. 1955 నాటి పౌరసత్వ చట్టము కూడ తన తొమ్మిదవ సెక్షనులో ఆ నియమమునే నిలిపినది. పరరాజ్యమునకు విధేయుడనని ఒప్పుకొన్నవాడు రాష్ట్ర శాసనసభలో సభ్యుడుగా ఉండరాదని 191వ అధికరణము శాసించుచున్నది.

విదేశములందలి భారత సంతతివారి కోరికను మన్నించి ప్రభుత్వము 2005లో చట్టమును సవరించి ఓసీఐ అను ఏర్పాటును విస్తరించెను. 2006 జనవరిలో హైదరాబాదున జరిగిన ప్రవాసీ భారతీయ దివస్ సభలో నాటి ప్రధానమంత్రి డాక్టరు మన్మోహన్ సింగు తొలి కార్డులను అందజేసెను. దీనిని ద్వంద్వ పౌరసత్వమని పెక్కురు పిలిచిరి. వాస్తవమున అది పౌరసత్వము కాదు. ఆ కార్డు గలవారు వీసా లేకయే జీవితాంతము వచ్చి పోవచ్చును, ఇచ్చట నివసింపవచ్చును, ఇల్లు కొనవచ్చును. కాని ఓటు వేయరాదు. చట్టసభలకు పోటీ చేయరాదు. వ్యవసాయ భూమిని కొనరాదు. అనగా మమకారమునకు తలుపు తీసియుంచి, ప్రమాణముతో ముడిపడిన హక్కులను మాత్రము వేరుగా నిలిపిరి.

పౌరసత్వము మారినంతనే మనిషి మనసు మారునా అను సందేహము కలుగవచ్చును. సిద్దిపేటలోని వృద్ధులను చూచినచో దీనికి సమాధానము దొరకును. 1948 సెప్టెంబరు 17కు పూర్వము పుట్టినవారు నిజాము ఏలుబడిలో పుట్టిరి. ఇల్లు కదలకయే 1950లో భారత గణతంత్ర పౌరులైరి. 1956లో ఆంధ్రప్రదేశ్ వాసులైరి. 2014 జూన్ 2న తెలంగాణ వాసులైరి. 2016 అక్టోబరు 11న వారి ఊరు మెదక్ జిల్లాను వీడి తానే ఒక జిల్లా కేంద్రమైనది. ఇన్ని మార్పులలో వారి భాష మారలేదు, చేను మారలేదు, పండుగ మారలేదు. పాలన మారినంత మాత్రమున వారిని ఎవరును ద్రోహులనలేదు. ఏలయన అందులో దాచినదేమియు లేదు. జరిగినది లోకమెరిగి జరిగినది. ఈ 'దాచుట' యను మాటను జ్ఞాపకముంచుకొనవలెను. తరువాతి విచారణకు అదియే ఆధారము.

సిద్దిపేటకు ఉత్తరముగా రాజరాజేశ్వర స్వామి వెలసిన వేములవాడ కలదు. శైవులకు అది పుణ్యక్షేత్రము. ఆ పేరు గల నియోజకవర్గముననే ఈ ప్రశ్న పదునైదేండ్లకు పైగా నలిగినది. అచ్చటి నుండి 2009లో శాసనసభకు ఎన్నికైన చెన్నమనేని రమేష్ అంతకు పూర్వము జర్మనీలో నివసించి, 1993లో ఆ దేశ పౌరసత్వమును స్వీకరించినవారు. ఆయన 2008 మార్చిలో మరల భారత పౌరసత్వమునకు దరఖాస్తు చేయగా 2009 ఫిబ్రవరిలో అది లభించెను. 2009లో గెలిచిన పిమ్మట 2010 ఉపయెన్నికలోను, 2014లోను, 2018లోను కూడ ఓటర్లు ఆయననే ఎన్నుకొనిరి. ఆయనపై పోటీ చేసిన ఆది శ్రీనివాస్ న్యాయపోరాటమునకు దిగిరి. దరఖాస్తుకు ముందటి పన్నెండు నెలలు దేశముననే నివసింపవలెనను నియమము నెరవేరలేదనియు, ఆ కాలమందలి విదేశయాత్రలు దరఖాస్తులో చెప్పబడలేదనియు ఫిర్యాదు సారాంశము.

కేంద్ర హోంమంత్రిత్వ శాఖ 2017లో ఆయన పౌరసత్వమును రద్దు చేసెను. 2019 జూలైలో తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసి, ఆ వ్యక్తి పౌరుడుగా కొనసాగుట లోకహితమునకు విరుద్ధమా అను సంగతిని కూడ విచారించి మరల నిర్ణయింపుమని చెప్పెను. మంత్రిత్వ శాఖ ఆ సంవత్సరము నవంబరులో మరల రద్దు చేసెను. 2024 డిసెంబరు 9న హైకోర్టు రమేష్ పిటిషన్‌ను త్రోసిపుచ్చెను. ఆయన జర్మనీ పౌరుడుగనే ఉండి ఆ దేశపు పాస్‌పోర్టుపై ప్రయాణములు చేసెనని పేర్కొని, 30 లక్షల రూపాయలు ఖర్చుల క్రింద చెల్లింపుమని ఆదేశించెను. అందు 25 లక్షలు ఆది శ్రీనివాస్‌కు చెందవలెను.

ఈ వ్యవహారమును గూర్చి ఊరి రచ్చపై రెండు పక్షములు వినవచ్చును. నాలుగు పర్యాయములు ప్రజలే ఎన్నుకొన్నప్పుడు ఇక పాస్‌పోర్టుతో పని యేమి యని ఒక పక్షము. పరదేశమున ఉండి వచ్చినవానిని నమ్మరాదని మరియొక పక్షము. మొదటి వాదములో బలము లేకపోలేదు. ప్రజాసేవయే దేశభక్తికి గీటురాయి అయినచో, సేవ చేసినవానిని కాగితము పేర వెలివేయుట అన్యాయమనిపించును. లోకహితమును కూడ విచారింపుమని 2019లో న్యాయస్థానము చెప్పుటలోను ఈ దృష్టి కలదు. రెండవ వాదమునకు మాత్రము ధర్మబలము లేదు. జర్మనీలో చదువుట గాని, అచ్చట స్థిరపడుట గాని, ఆ దేశమును ప్రేమించుట గాని పాపము కాదు.

అయినను మొదటి వాదము ఒకచోట తడబడును. ఓటరు ఇచ్చు తీర్పు తన యెదుట ఉంచబడిన లెక్కను చూచి ఇచ్చు తీర్పు. ఆ లెక్కలో ఒక పుట లేకున్నచో, ఎన్ని వేలమంది ఆమోదించినను ఆ పుట తిరిగి రాదు. న్యాయస్థానము తప్పు పట్టినది రెండు దేశముల యెడ గల ప్రేమను కాదు. చెప్పవలసిన దానిని చెప్పకపోవుటను. ఈ భేదమును గ్రహించుటకు బసవేశ్వరుని జీవితమును మించిన పాఠము లేదు.

బసవేశ్వరుడు కల్యాణమున బిజ్జలుని కొలువులో భాండాగారమునకు అధికారి. అదే కాలమున ఆయన జంగమ దాసోహమునకు అంకితుడైన శరణుడు. అనగా రాజునకు ఒక కట్టుబాటు, లింగజంగమములకు ఒక కట్టుబాటు. రాజధనమును బసవడు జంగమములకు దోచిపెట్టుచున్నాడని గిట్టనివారు బిజ్జలుని చెవిలో వేసిరి. పన్నెండవ శతాబ్ది నాటి ఆ నింద మనకు క్రొత్తగా తోచదు. ఇతని మనసు ఒక చోట, జీతము మరియొక చోట అనునదియే నేటి ద్వంద్వ నిష్ఠను గూర్చిన అనుమానము కూడ. మన పొరుగున గల పాలకుర్తి సోమనాథుడు బసవ పురాణములో ఈ గాథను చెప్పెను. రాజు ధనమును లెక్కింపుమనగా బసవేశ్వరుడు కోపగింపలేదు. నా భక్తినే శంకింతురా యని అలుగలేదు. పెట్టెలు తెరిపించెను. లెక్క సరిపోయెను. భక్తులు దీనిని మహిమగా చెప్పుకొందురు. మహిమను ప్రక్కన పెట్టి చూచినను ఇందులో ఒక నీతి కలదు. రెండు కట్టుబాట్లు గలవాడు ఎవరు ఎప్పుడు అడిగినను లెక్క చూపుటకు సిద్ధముగా ఉండవలెను. అనుమానించుట అడుగువాని హక్కు కాకపోవచ్చును. పదవిలో నున్నవానికి మాత్రము లెక్క చూపుట విధి.

రెండు కట్టుబాట్లు కలిసి నడచినంత కాలము బసవేశ్వరుడు రెంటిని మోసెను. కలిసి నడువని దినము కూడ వచ్చెను. అంత్యకులజుడుగా ఎంచబడిన హరళయ్య కుమారునకు, బ్రాహ్మణ వంశజుడైన మధువరసు కుమార్తెకు శరణులు వివాహము చేసిరనియు, బిజ్జలుడు ఆ తండ్రులిద్దరిని క్రూరముగా శిక్షించెననియు సంప్రదాయము చెప్పుచున్నది. రాజాజ్ఞ ఒక వైపు, శరణధర్మము మరియొక వైపు. ఆ సమయమున బసవేశ్వరుడు మంత్రిముద్రను చేత నుంచుకొని చాటున రాజునకు కీడు తలపెట్టలేదు. పదవి కొరకు శరణులను విడువలేదు. కల్యాణమును వీడి కూడలసంగమమునకు తరలెను. రెండు ప్రమాణములు పొసగనప్పుడు ఒకదానిని బహిరంగముగా దించి వెడలుట ఆయన చూపిన మార్గము. ఆయన నుండి నిష్ఠను కోరిన బిజ్జలుడన్ననో, చాళుక్యుల సామంతుడుగా నుండి వారి సింహాసనమునే ఆక్రమించుకొన్నవాడు. నిష్ఠను గూర్చి గట్టిగా మాటలాడువారందరు నిష్ఠాపరులు కారని ఇందువలన తెలియుచున్నది.

వలస వచ్చినవారిని గూర్చి కూడ శరణ సంప్రదాయమున ఒక ఉదాహరణము కలదు. మోళిగె మారయ్య కాశ్మీర దేశపు రాజనియు, రాజ్యమును వదలి కల్యాణమునకు వచ్చి కట్టెలు కొట్టి అమ్ముకొని ఆ కాయకముతో దాసోహము చేసెననియు చెప్పుదురు. కల్యాణపు శరణులు ఆయనను నీవు ఏ దేశపువాడవని దూరము పెట్టలేదు. ఆయనయు కాశ్మీర సింహాసనము మీద ఒక కాలు, కల్యాణపు వీథిలో ఒక కాలు ఉంచలేదు. దినదినము మోసిన కట్టెల మోపే ఆయనను కల్యాణపువానిగా చేసినది. పౌరసత్వమును కోరువాడు కొంతకాలము దేశమున ఎడతెగక నివసింపవలెనను నేటి నియమములో గల అంతరార్థము ఇదియే. కొన్నాళ్ళు ఈ నేలపై పడి లేచి, ఇచ్చటి వారి కష్టసుఖములలో పాలుపంచుకొని, ఆ పిమ్మట అడుగుమని దాని భావము. దినములను లెక్కించుట అల్పమైన పనిగా తోచవచ్చును. కాని కాయకమును కొలుచుటకు చట్టము చేతిలో నున్న కొలత అదియొక్కటియే.

ఇచ్చట ఒక ఆక్షేపణము రావచ్చును. లోకములో పెక్కు దేశములు రెండు పౌరసత్వములను అంగీకరించుచున్నవి. వేములవాడ వివాదములో పేరు వినబడిన జర్మనీ కూడ, పూర్వము విదేశీయులు తమ పాత పౌరసత్వమును వదలుకొన్న పిమ్మటనే తన పౌరసత్వమును ఇచ్చుట సాధారణ నియమముగా గల దేశమైనను, 2024 జూన్ 27 నుండి ఆ నియమమును సడలించినది. అట్లయిన భారతదేశపు కట్టుబాటు సంకుచితము కాదా?

ఈ ఆక్షేపణమును తేలికగా త్రోసివేయరాదు. ఏ దేశము ఎన్ని పౌరసత్వములను అంగీకరింపవలెననునది కాలమును, అవసరమును బట్టి మారు రాజనీతి. రేపు భారత పార్లమెంటు కూడ మార్చవచ్చును. మార్చినచో రెండు పాస్‌పోర్టులు ఉంచుకొనుట దోషము కాదు. ఏలయన అప్పుడు రెండు దేశములును ఎరిగి ఒప్పుకొన్నట్లగును. మారనిది ఒక్కటే. ఏ నియమము అమలులో నున్నదో దానికి కట్టుబడెదనని చెప్పి హక్కు పొందినవాడు ఆ నియమమును చాటున తప్పరాదు. నియమము తప్పని తోచినచో బహిరంగముగా వాదింపవలెను. కులభేదమును తప్పని నమ్మిన శరణులు చాటుమాటుగా భోజనములు చేసి యూరకుండలేదు. అందరి యెదుటనే సహపంక్తిని కూర్చుండిరి.

పరుల నుండి మనము కోరు ధర్మము మన బిడ్డల నుండి ఇతర దేశములు కూడ కోరును. హైదరాబాదున పుట్టి బాల్యముననే అమెరికాకు వెళ్ళిన అరుణా మిల్లర్ 2023 జనవరిలో మేరీలాండ్ రాష్ట్రమునకు లెఫ్టినెంట్ గవర్నరుగా ప్రమాణము చేసిరి. ఆ ప్రమాణమును భగవద్గీతపై చేయి యుంచి చేసిరి. ఆ వార్త చదివి తెలుగువారు సంతసించిరి. ఆమె మేరీలాండ్ ప్రజల మేలు కోరక హైదరాబాదు మేలు మాత్రమే కోరునని అచ్చటివారు అనుమానించినచో మనము నొచ్చుకొందుము. అట్లే ఆమె తన ప్రమాణమును తప్పవలెనని మనము కోరుటయు ధర్మము కాదు. భక్తి యొక మూలము నుండి వచ్చినది. ప్రమాణము మరియొక జనసమూహమునకు చేసినది. రెండును బహిరంగముగా ఉన్నవి గనుక వాటి నడుమ కలహము లేదు.

ఇక ఒకే పౌరసత్వము గలవారమని నిశ్చింతగా నుండు మన సంగతి. పాస్‌పోర్టు ఒక్కటి యైనంత మాత్రమున నిష్ఠ ఒక్కటి కాదు. మెడలో లింగము ధరించి నడత తప్పినవానిని శరణులు భక్తుడనలేదు. దేశము విడువకయే పన్ను ఎగవేయువాడు, చెరువు శిఖమును ఆక్రమించువాడు, కొలువులో నుండి లంచము పట్టువాడు ఏ పరదేశమునకు ప్రమాణము చేసెను? వారిని ద్రోహులనుటకు మన నోరు రాదు. డల్లాసులో ఉద్యోగము చేసికొనుచు తల్లికి మందుల ఖర్చు పంపు కుమారుని మాత్రము తొందరపడి నిందింతుము. దుబాయి, కువైట్, సౌదీ దేశములకు వెళ్ళిన మన పల్లెల కూలీల సంగతి చూడుడు. ఎంత కాలము చెమటోడ్చినను ఆ దేశములు వారికి పౌరసత్వమును ఇచ్చుట దుర్లభము. పరాయి దేశపు మేడలు కట్టుచు, ఆ కూలితో ఇచ్చట చెల్లెలి పెండ్లి చేయుచు, అప్పు తీర్చుచు వారు చేయునది రెండు నేలలకు పనికివచ్చు కాయకము. దానిని ఏ పాస్‌పోర్టును కొలువలేదు.

కనుక పరదేశ పౌరసత్వమును స్వీకరించిన బిడ్డ గల ఇంటివారు తలవంచుకొన పనిలేదు. ఆ బిడ్డ చేయవలసిన పనులు మాత్రము కొన్ని కలవు. పాత పాస్‌పోర్టును నియమము చొప్పున అప్పగింపవలెను. ఓటరు జాబితాలో పేరు మిగిలియున్నచో తానే తీసివేయించుకొనవలెను. సెలవులకు వచ్చినప్పుడు ఎన్నికలు తటస్థించినను, ఎవరును అడుగరులే యని వేలిపై సిరా వేయించుకొనరాదు. వ్యవసాయ భూమి కొనదలచి మరియొకరి పేర వ్రాయించరాదు. ఇవి చిన్న పనులు. కాని బసవేశ్వరుడు తెరచి చూపిన భాండాగారపు పెట్టెలకు ఇవియే నేటి రూపములు.

తల్లిదండ్రులు చేయవలసినదియు ఒకటి కలదు. బిడ్డ ఫోనులో "అమ్మా, రేపు ఇక్కడ ప్రమాణము చేయుచున్నాను" అని చెప్పినప్పుడు, దుఃఖమును దాచుకొని "చేసిన మాట నిలుపుకో నాయనా" అని దీవింపవలెను. ఆ కొత్త దేశమునకు ఇచ్చిన మాటను నిలుపుకొన్నవాడే, ఏనాడైన తిరిగివచ్చి ఈ దేశమునకు మాట ఇచ్చినచో దానిని కూడ నిలుపుకొనగలడు. మాట తప్పుట ఒకచోట అలవాటైనవాడు రెండవచోట మారునని ఎవరు హామీ ఈయగలరు?